ఆ నాలుగు చుక్కలు చూపించండి

“ఏ చుక్కలు సారూ? మాకేం అవుపడ్తలేవు.”

చివరి వరుసలోంచి లేచి అడిగిందామె. అరవై ఏళ్ళు పైబడ్డ మనిషి. కొంగు నడుముకు చుట్టుకుని, ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. నాలుగెకరాల్లో మక్క వేసిన రైతు. మైకు పట్టుకున్న అధికారి వెనక్కి తిరిగి తెర వైపు చూశాడు. ఆయనకూ ఏమీ కనపడలేదు. పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాను కాబట్టి ఆయన ముఖం నాకు బాగా కనిపించింది. అయినా “ఉంటాయమ్మా, దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తాయి” అని చేతిలోని మీట నొక్కాడు. ఇంకో స్లైడు వచ్చింది. ఆమె కాసేపు అలాగే నిలబడి, మెల్లగా కూర్చుంది.

ఆ తెర మీద ఉన్న ఫోటో నేను తీసింది.

అది 2019 వానాకాలం. ఆ ఫోటోలోది కత్తెర పురుగు. అది మన దేశంలో మొట్టమొదట 2018లో కర్ణాటకలో కంటబడింది. అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో దిగి, రెండేళ్ళకు మన దగ్గరికొచ్చింది. ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగరగల రెక్కల పురుగు దాని తల్లి. అదే ఏడాది తెలుగు రాష్ట్రాల మక్క చేలల్లోకీ దూరింది. మన రైతుకు కాండం తొలుచు పురుగు తెలుసు, పొగాకు లద్దె పురుగు తెలుసు, శనగపచ్చ పురుగు తెలుసు. ఇది తెలియదు. తాత చెప్పలేదు, తండ్రి చెప్పలేదు. కొత్త పురుగును గుర్తుపట్టడానికి రైతుకు ఉన్న దారి ఒక్కటే. ఎవరో ఒకరు బొమ్మ చూపించాలి. సరిగ్గా చూపించాలి.

అందుకే ఆ ఫోటో కోసం మూడు తెల్లవారుజాములు తడి సాలులో బోర్లా పడుకున్నాను. ఈ పురుగు పగలంతా మక్క సుడిలో దాక్కుంటుంది. రంపపు పొట్టులాంటి తన పెంటనే పైన మూతలా కప్పుకుంటుంది. చల్లపొద్దున మాత్రం బయటికొచ్చి ఆకు మీద పాకుతుంది. ఎండ ఎక్కితే మళ్ళీ లోపలికే. ఆ కొద్ది సమయంలో, గాలి ఆగిన క్షణం చూసి, ఆకు కదలకుండా ఉన్నప్పుడు తీయాలి. మూడో రోజు దొరికింది. ఆకు మీద అడ్డంగా, నిండుగా, తల నుంచి తోక దాకా. తల మీద తెల్లటి గీతలు తిరగేసిన పంగలకర్రలా ఉన్నాయి. తోక వైపు, చివరి నుంచి రెండో కణుపు మీద నాలుగు నల్లటి చుక్కలు. మిగతా కణుపుల మీదా చుక్కలుంటాయి గానీ, అక్కడ ముందు జత దగ్గర దగ్గరగా, వెనక జత ఎడంగా ఉంటుంది. ఈ ఒక్క కణుపు మీదే నాలుగూ చదరంగా, పీట నాలుగు కోళ్ళలా నిలబడతాయి. కత్తెర పురుగుకు ఆనవాలు అదే. పంగలకర్ర, పీటకోళ్ళు. ఈ రెండూ కనిపిస్తే చదువురాని రైతు కూడా పురుగును పట్టుకుంటాడు.

ఆ ఫోటోని వ్యవసాయ శాఖ ఆఫీసుకు డబ్బులు తీసుకోకుండా ఇచ్చాను. పెన్‌డ్రైవులో పెట్టి, చేతికిచ్చి, “ఇదిగో ఇక్కడ చదరం, ఇక్కడ పంగలకర్ర” అని వేలు పెట్టి చూపించి ఇచ్చాను.

తెర మీద దాన్ని ఎలా చూశానో చెబుతాను. నేను నాలుగుకు మూడు పాళ్ళలో కత్తిరించి ఇచ్చిన ఫోటో అది. ఇప్పటి స్లైడు పదహారుకు తొమ్మిది. ఎవరో ఫోటో పక్క అంచు పట్టుకుని, తెర నిండేదాకా అడ్డంగా లాగారు. ఎత్తు అలాగే ఉంది, వెడల్పు మూడో వంతు పెరిగింది. పురుగు పొడుగ్గా, బక్కగా పాములా సాగింది. నాలుగు చుక్కల చదరం కాస్తా దీర్ఘచతురస్రమైపోయింది.

అర్థమవుతోందా ఏం జరిగిందో? ఆ పురుగును గుర్తుపట్టడానికి సైన్సు చెప్పిన గుర్తు చదరం. ఆ చదరాన్నే చెరిపేసి, “చదరంగా ఉన్న నాలుగు చుక్కలు చూడండి” అని మైకులో చెప్పారు. రైతు కంటికి ఒకటి చూపించి, చెవికి ఇంకోటి చెప్పారు. ఎవరైనా ఆ మాట నమ్మి చేలోకి వెళ్ళి తెర మీద చూసినటువంటి పురుగు కోసం వెతికితే, ఎదురుగా ఉన్న కత్తెర పురుగును “ఇది కాదులే” అని వదిలేస్తాడు.

అక్కడితో అయిపోలేదు. ఫోటో పై భాగాన ఎర్ర పట్టీ వేసి, దాని మీద పసుపు అక్షరాలతో శీర్షిక పెట్టారు. ఆ పట్టీ సరిగ్గా పురుగు తల మీద పడింది. పంగలకర్ర పోయింది. కింద కుడి మూలన శాఖ ముద్ర, ఎడమ మూలన పథకం ముద్ర. నేను పెన్‌డ్రైవులో ఇచ్చిన అసలు ఫైలు వాడలేదు. ఒకరి ఫోన్ నుంచి ఒకరి ఫోన్‌కు నాలుగు చేతులు మారి వచ్చిన నకలు వాడారు. ఫోన్లో పంపేటప్పుడు ఫోటో తరచూ కొంత కుదించుకుపోతుంది. అలా కుదించుకుపోయిన ఫోటోని ఆరడుగుల తెర మీద పరిస్తే చుక్కలు చుక్కల్లా ఉండవు, మసి మరకల్లా ఉంటాయి.

ఆ మసి మరకలనైనా చూడనిచ్చారా? మిట్ట మధ్యాహ్నం. హాలుకు రెండు వైపులా కిటికీలు, తెరలు లేవు. ఆరు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. వేదిక మీద పెద్దలు ఫోటోల్లో బాగా పడాలని తెర నెత్తిన ఇంకో లైటు. ప్రొజెక్టరు గురించి ఒక్క ముక్క తెలిస్తే ఎవరూ ఈ పని చెయ్యరు. ప్రొజెక్టరు వెలుగును మాత్రమే వెయ్యగలదు, చీకటిని వెయ్యలేదు. బొమ్మలో నలుపు ఉన్నచోట తెర మీద దాదాపు ఏ వెలుగూ పడదు, అంతే. గదిలో వెలుగెంత ఉంటే ఆ నలుపు అంత తెల్లబోతుంది. మనం చూపించాల్సినవి గోధుమరంగు ఒంటి మీద నల్ల చుక్కలు. ఆరు ట్యూబులైట్ల కింద అవి ఎక్కడుంటాయి? ఆ తల్లి “అవుపడ్తలేవు” అంది. ఆమె కళ్ళకు ఏ జబ్బూ లేదు. ఆ చుక్కలు నిజంగానే తెర మీద లేవు.

ఆమె కూర్చున్న చోటు నుంచి కొలత వేసి చూడండి. తెర వెడల్పు ఆరు అడుగులు, చివరి వరుస నలభై అడుగుల దూరం. అంటే ఆరంగుళాల సెల్‌ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని, నలభై అంగుళాల అవతల నిలబెట్టి చూసినట్టు. అంత దూరాన ఉన్న ఫోన్ మీద పురుగు ఒంటి చుక్కలు లెక్కపెట్టమంటున్నారు ఆమెను. నా ఫోటోకి కనీసం స్లైడంతా ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన స్లైడులో ఎనిమిది ఫోటోలు. గుడ్ల ముద్ద, పిల్ల పురుగు, పెద్ద పురుగు, ప్యూపా, మగ రెక్కల పురుగు, ఆడ రెక్కల పురుగు, తిన్న ఆకు, తిన్న కంకి. పైన నాలుగు, కింద నాలుగు. చివరి వరుసకు ఒక్కోటి పోస్టల్ స్టాంపంత. పదిహేను సెకన్లు ఉంచి తీసేశారు.

ఆ ఎనిమిదింట్లో రైతు ప్రాణాలు నిలబెట్టే బొమ్మ ఒకటుంది. అది పిల్ల పురుగుది, అది గీకిన ఆకుతో సహా. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లలు ఆకును గీకి తింటాయి, పల్చటి పొర మిగులుస్తాయి. ఆకు మీద అక్కడక్కడా గాజు కిటికీలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు వస్తాయి. ఆ మచ్చ చూసిన రోజునే కదిలితే పని సులువు. పురుగు ఆరు దశలు పెరుగుతుంది. మొదటి రెండు మూడు దశల్లోనే మందుకు లొంగుతుంది. సుడిలోకి దూరి మూత వేసుకున్నాక డబ్బాల కొద్దీ కొట్టినా లోపలికి అందదు. అంటే ఆ కిటికీ మచ్చ బొమ్మను గోడంత పెంచి, లైట్లన్నీ ఆర్పి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడనివ్వాలి. దాన్ని స్టాంపంత చేసి, పదిహేను సెకన్లకు ఊడబీకారు. శాఖ ముద్ర మాత్రం ప్రతి స్లైడులోనూ ఉంది, చివరిదాకా.

ఎందుకు ఎనిమిది పెడతారు? ఖర్చు లేదు కనక. పూర్వం ఫిల్ము స్లైడ్ల కాలంలో ఒక్కో బొమ్మకు ఫిల్ము కొనాలి, కడిగించాలి, అట్ట చట్రంలో బిగించాలి. కోడాక్ వాళ్ళు 1961లో తెచ్చిన గుండ్రటి ట్రే ప్రొజెక్టర్లో పట్టేవి ఎనభై స్లైడ్లు. పాత తరం మాస్టార్లు ఒక్కో స్లైడును కిటికీ వెలుగుకు పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, పనికిరానివి పక్కన పడేసి, పనికొచ్చేవే ట్రేలో పేర్చేవాళ్ళు. చీకటి గది లేకపోతే క్లాసే పెట్టేవాళ్ళు కాదు. ఆ ప్రొజెక్టర్ల తయారీ 2004లో ఆగింది. పవర్‌పాయింట్ 1987లోనే వచ్చేసింది. పని తేలికైంది, మంచిదే. కానీ బొమ్మను వెలుగుకు పట్టుకుని “ఇది చూసేవాడికి తెలుస్తుందా” అని తమను తాము అడిగే ఆ ఒక్క క్షణాన్ని కూడా ఎందుకు పారేశాం?

మిర్చి సంగతి ఇంకా మంట పుట్టిస్తుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడింది. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు పూత పూతంతా రాలిపోయింది. చేలు పీకి పారేసినవాళ్ళు ఎందరో. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. పువ్వులో దాక్కుంటుంది. దాని పొడవు మిల్లీమీటరు. మిల్లీమీటరు! బియ్యపు గింజలో నాలుగో వంతు ఉండదు. అప్పుడు ఒక ఊళ్ళో పెట్టిన సమావేశంలో మైక్రోస్కోపు కింద తీసిన ఫోటో తెర నిండా వేశారు. రెక్కల అంచున వెంట్రుకలు, కొమ్ముల కణుపులు అన్నీ కనిపిస్తున్నాయి, తెల్లటి నేపథ్యం మీద కాటుక రంగులో తేలంత పురుగు. అందమైన ఫోటో, కాదనను. పక్కన ఏ కొలతా లేదు. ఒక రూపాయి బిళ్ళ లేదు, వేలి కొన లేదు, మిరప పువ్వు లేదు. ఒక కుర్రాడు బయటికొచ్చాక నాతో అన్నాడు: “మా చేలో లేదండీ ఆ పురుగు. అంత పెద్దది ఉంటే కనపడకుండా ఉంటదా?”

తర్వాత అతని చేలోకి వెళ్ళాం. ఒక పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపితే మిరియప్పొడి చల్లినట్టు రాలి, ఆ పొడి నడవడం మొదలెట్టింది. అతను నోట మాట లేకుండా కాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ కాగితాన్ని, ఆ వేలిని, ఆ పొడిని ఫోటో తీసి తెర మీద వేస్తే చాలు. మైక్రోస్కోపు అక్కర్లేదు. రైతు తన చేలో, తన కంటితో, ఏ సైజులో చూస్తాడో ఆ సైజు ముందు చూపించాలి. ఆ తర్వాత కావాలంటే పెంచి చూపించండి, పక్కనే వేలి కొన పెట్టి. ఇంత చిన్న ఆలోచన రాకపోవడానికి తెలివి లేకపోవడం కారణం కాదు. చూసేవాడు ఎవడో, చూసి ఏం చేస్తాడో అన్న ధ్యాస లేకపోవడమే.

బొమ్మ చూపించడం మన దేశానికి కొత్తగా వచ్చిన విద్య అయితే నాకింత కోపం రాదు. మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులి వాళ్ళు పద్మశాలీల వాడకు పటం తెస్తారు. చేర్యాల నకాషీలు వేసిన పటం, పదుల అడుగుల గుడ్డ. దాన్ని ఒక్కసారి పరిచి “చూసుకోండి” అనరు. ఒక్కో గడి విప్పుతారు. కర్రతో ముట్టి చూపిస్తూ ఆ గడి కథ అయ్యేదాకా అక్కడే ఆగుతారు. నేపథ్యమంతా ఎర్రరంగు. దీపం వెలుగులో, జనం వెనక నిలబడ్డవాడికి కూడా మనిషి ఆకారం విడిగా తేలాలంటే అదే సరైన రంగని నాకెప్పుడూ అనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది, జనం వైపు చీకటి. బొమ్మను గుడ్డకు ఆనించే పట్టుకుంటారు, జానెడు దూరం జరిగితే అంచులు మసకబారతాయని వాళ్ళకు తెలుసు. బొమ్మ తోలుకు పొడిచిన ఒక్కో చిల్లి వెలుగు రావడానికే. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చుకున్నాం. దండ వేసి చప్పట్లు కొట్టాం. ఆయన తరతరాల చేతిపనిలో ఉన్న మొదటి పాఠం, తెర ముందు కూర్చున్నవాడికి కనపడాలన్నది, మన ఆఫీసుల గడప దాటి లోపలికి రాలేదు.

అడిగితే ఏమంటారో నాకు కంఠతా వచ్చు. “పైనుంచి వచ్చిన ఫార్మాటండీ.” “టైం లేదండీ, సాయంత్రానికి రెండు ఊళ్ళు కవర్ చెయ్యాలి.” “ఆపరేటర్ చేశాడు.” ఆపరేటర్ చేశాడు! ఆ కుర్రాడికి కత్తెర పురుగు అంటే ఏమిటో, చదరం ఎందుకు ముఖ్యమో ఎవరైనా చెప్పారా? చెప్పనివాళ్ళది తప్పు కాదా? టైం లేదంటారు. పక్క అంచు బదులు మూల పట్టుకుని లాగితే ఫోటో సాగదు. దానికి పట్టే సమయం రెండు సెకన్లు. తెర నిండకపోతే పక్కల నల్లగా వదిలెయ్యండి, ఏ రైతూ వచ్చి “ఆ నలుపు ఎందుకు” అని అడగడు. చుక్కల చుట్టూ ఒక తెల్ల గుండ్రం గీయండి. పై పట్టీ తీసెయ్యండి, పేరు నోటితో చెప్పండి. అసలు ఫైలు పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. ట్యూబులైట్లు ఆర్పండి. కిటికీలకు దుప్పట్లు కట్టండి, దుప్పట్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. సమావేశం మొదలయ్యే ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నడిచి వెళ్ళి చివరి కుర్చీలో కూర్చుని తెర వైపు చూడండి. నలభై అడుగులు. ఆ నడక ఎవరూ నడవరు. నేను తిరిగిన ఇన్నేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది తప్ప ఎవరూ నడవలేదు.

నడిచినవాళ్ళలో ఒకమ్మాయి గురించి చెప్పాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన విస్తరణాధికారి, పాతికేళ్ళుంటాయి. పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి చెప్పడానికి వచ్చింది. నిజంగానే కిటికీలకు దుప్పట్లు కట్టించింది. తెర మీద రెండే బొమ్మలు, పక్కపక్కన, ఒకే సైజులో. ఎడమ వైపు విచ్చుకున్న పత్తి పువ్వు. కుడి వైపు గుడ్డిపువ్వు, రేకులు ఒకదానికొకటి అంటుకుని విచ్చుకోకుండా మెలితిరిగింది. ఒక్క అక్షరం రాయలేదు. బొమ్మ వేసి, తను తెర పక్కకు తప్పుకుని, నోరు మూసుకుని నిలబడింది. అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముందు వరుసలో ఒకాయన “ఇది మా చేన్ల ఉన్నదే” అన్నాడు. వెనక నుంచి ఇంకొకాయన “మాకాడ గిట్ల నాలుగైదు చూసిన, ఎండకనుకున్న” అన్నాడు. పది నిమిషాల్లో హాలంతా వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటున్నారు. ఆ గుడ్డిపువ్వు లోపల పురుగుంటుందని, కోసి నాశనం చెయ్యాలని ఆమె చెప్పేసరికి అందరి చూపూ ఆమె మీదే. పెద్ద జీతం లేదు, పెద్ద ల్యాప్‌టాప్ లేదు. రెండు బొమ్మలు, చీకటి, కాసేపు మౌనం. చెయ్యగలరని ఆమె చూపించింది కాబట్టే మిగతావాళ్ళ మీద నా కోపం రెట్టింపైంది.

ఇది ఒక్క వ్యవసాయానిదే అయితే ఇంతగా గొంతు చించుకోను. బళ్ళో పెద్ద బోర్డుల మీద జీవకణం బొమ్మ వేస్తారు, ముదురు నీలం మీద నల్ల గీతలు, భాగాల పేర్లు చీమ తలకాయంత. పిల్లలు ముందు బెంచీవాళ్ళ నోట్సు చూసి గీసుకుంటారు. మొన్నటికి మొన్న మా ఊరి మాస్టారు పోతే సంస్మరణ సభ పెట్టారు. ఆయన ఫోటోలన్నీ స్లైడ్ షోగా వేశారు. సన్నటి మనిషి ఆయన, కోలముఖం. తెర మీద బుగ్గలు ఉబ్బి, మెడ కుదించుకుపోయి ఎవరో వేరే మనిషి కూర్చున్నాడు. పాట పెట్టి, రెండు సెకన్లకో ఫోటో గిరగిరా తిప్పుతూ విసిరేశారు. నలభై ఏడేళ్ళు కాపురం చేసిన ఆ పెద్దమ్మ మొదటి వరుసలో కూర్చుని చూస్తోంది. ఒక ఫోటో దగ్గర చెయ్యెత్తింది, ఆపమని. ఎవరూ చూడలేదు. అది తిరిగిపోయింది. ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉంది, కాసేపు.

చెయ్యెత్తిన ఆ పెద్దమ్మా, కుర్చీ పట్టుకుని నిలబడ్డ ఆ మక్క రైతూ నాకు ఒక్కరిలాగే కనిపిస్తారు. చూడటానికి వచ్చారు వాళ్ళు. బస్సెక్కి, కూలి వదులుకుని, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి, చూపిస్తామంటే నమ్మి వచ్చారు. వాళ్ళ ఎదుట తెర మీద ఏదో ఒకటి వెలిగించి “చూపించాం” అని రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకుంటున్నాం. హాజరు 112. ఎంతమందికి కనపడిందన్న గడి ఆ రిజిస్టర్లో లేదు.

ఆ సమావేశం అయ్యాక నేను ఆ ఆఫీసుకు అసలు ఫోటో మళ్ళీ ఇచ్చాను. పెన్‌డ్రైవు ఇచ్చాను, సీడీ ఇచ్చాను, ఒకసారి కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చాను, ఇలా సాగదీస్తే చదరం పోతుందని రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి రాసిచ్చాను. “తప్పకుండా మార్పిస్తాం” అన్నారు. ఈమధ్య ఇంకో మండలంలో ఇంకో సమావేశానికి వెళ్ళాను. అధికారి మారాడు, ల్యాప్‌టాప్ మారింది, తెర కూడా పెద్దదైంది. పురుగు మారలేదు. అదే పాములా సాగిన పురుగు, అదే ఎర్ర పట్టీ. పథకం పేరు మారింది కాబట్టి మూలనున్న ముద్ర మాత్రం కొత్తది వేశారు. ముద్ర మార్చడానికి ఆ స్లైడు తెరిచిన చెయ్యి, పక్కనే ఉన్న ఫోటోని ముట్టుకోలేదు.

2019లో ఆ రోజు సాయంత్రం, హాలు ఖాళీ అవుతుంటే నేను పరుగున ఆమె దగ్గరికి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. నా కెమెరా తెరిచి, అసలు ఫోటో పెట్టి, చుక్కల దగ్గరికి పెంచి చేతికిచ్చాను. కెమెరా తెర మూడంగుళాలు. ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది.

“ఒకటి, రెండు…” అని వేలితో లెక్కపెట్టింది. “నాలుగు. పీట లెక్క ఉన్నయి.”

నేను చెప్పలేదు ఆమెకు పీట అని. తనే అంది.

తర్వాత తల ఎత్తలేదు. చాలాసేపు ఆ మూడంగుళాల వైపే చూసింది.

“గిది మా చేన్ల చూసిన బిడ్డా. ఎనిమిది రోజులాయె. గింతంతనే ఉండె అప్పుడు,” అని బొటనవేలి గోరు చూపించింది. “కాండం పురుగనుకుని దానికే మందు కొట్టిన.”

కెమెరా నా చేతికిచ్చి, లేచి, రోడ్డు మీదికి నడిచింది. బస్సుకు ఇంకా టైముంది. ఆమె ఆగలేదు.